తాయెత్తా, నీలి కన్నా, దారుమా బొమ్మా: ఏది ఎంచుకోవాలి?

మా మేనకోడలు పై చదువుకు మెల్‌బోర్న్ బయల్దేరడానికి వారం ముందు మా చెల్లెలి ఇంట్లో భోజనాల బల్ల మీద ఆరు వస్తువులు చేరాయి. మా అమ్మ కట్టించిన రాగి రక్షరేకు, బావగారు కాశీ నుంచి తెచ్చిన పంచముఖి రుద్రాక్ష, స్నేహితురాలు ఇచ్చిన నీలి కన్ను గాజుపూసల గొలుసు, పక్కింటివారు దర్గా నుంచి తెచ్చిన నల్లదారం, టోక్యోలో ఉద్యోగం చేసే మా తమ్ముడు పంపిన ఎర్రటి దారుమా బొమ్మ, చిన్ననాటి పుస్తకంలో దాచుకున్న నెమలి ఈక. అన్నీ ప్రేమతో వచ్చినవే. ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తే ఇచ్చినవారు నొచ్చుకుంటారని ఆ పిల్ల బాధ. "మామయ్యా, ఏది పట్టుకెళ్ళాలో మీరే చెప్పండి" అని నన్ను పిలిచింది.

నన్నే అడగడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ళుగా ఏ ఊరు వెళ్ళినా, ఎవరు ఏ దేశం నుంచి వస్తున్నా, అక్కడి రక్షవస్తువు ఒకటి సంపాదించి దాని వెనక నమ్మకం ఏమిటో తెలుసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఆమెకు చెప్పినదే కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. పాపాయికో, పరీక్ష రాసే పిల్లవాడికో, కొత్త ఇంటికో, కొత్త బండికో ఏదైనా కట్టాలనుకుంటూ దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేని వారికి ఉపయోగపడుతుందని ఆశ.

ముందుగా ఆ వస్తువు ఏ పని కోసం పుట్టిందో చూడాలి. బజారులో అన్నిటినీ "అదృష్టం కోసం" అని ఒకే పేరుతో అమ్ముతారు. వాటి పనులు మాత్రం వేరువేరు. కొన్ని చెడు చూపును ఎదురు చూపుతో తిప్పికొడతాయి. కొన్ని మన మీద పడాల్సిన దెబ్బను తామే తింటాయి. కొన్ని కలిమిని ఇంట్లోకి పిలుస్తాయి. ఇంకొన్ని మనం ఇచ్చిన మాటను మనకు గుర్తుచేస్తాయి. చివరి రకం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎందుకో తర్వాత చెబుతాను.

దిష్టి సంగతితో మొదలుపెడదాం. ఎదుటివాడి చూపులో అసూయ ఉంటే అది తగులుతుందన్న భయం మనదొక్కరిదే కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటా ఉంది. టర్కీవాళ్ళు దానికి విరుగుడుగా నీలిరంగు గాజుతో కన్ను చేసి కడతారు. ముదురు నీలం, తెలుపు, లేత నీలం, నడుమ నల్లటి చుక్క. ఇజ్మీర్ పట్టణం దగ్గర గోరెజె, నజర్‌కోయ్ అనే ఊళ్ళలో ఇప్పటికీ కొలిమి ముందు కూర్చుని, కరిగిన గాజును ఇనుప కడ్డీకి చుట్టి ఒక్కొక్క పూసనూ చేత్తో చేస్తారు. నీలం రంగే ఎందుకంటే, అక్కడ నీలి కళ్ళవారు అరుదు కనుక వారి చూపుకు బలం ఎక్కువని నమ్మేవారని చెబుతారు. పూస పగిలితే ఎవరూ బాధపడరు. తగలాల్సిన చూపు దానికి తగిలిందని కొత్తది కట్టుకుంటారు.

ఇది చదవగానే మన గుమ్మాలకు వేలాడే బూడిద గుమ్మడికాయ గుర్తుకు రావాలి. రెండూ చేసే పని ఒక్కటే. కాయ త్వరగా కుళ్ళిపోతే "దిష్టి ఎక్కువగా ఉంది, అదే లాక్కుంది" అంటాం. మరి ఏది ఎంచుకోవాలి? సొంత ఇంటి గుమ్మానికైతే నా ఓటు గుమ్మడికాయకే. మట్టిలో పుట్టి మట్టిలో కలుస్తుంది, అమావాస్యకో పండుగకో మార్చే అలవాటు వల్ల ఇంటివాళ్ళ చేయి ఎప్పుడూ దాని మీద ఉంటుంది. అయితే తొడిమ ఊడని, దెబ్బ తగలని కాయను ఎంచుకోవాలి. తొడిమ ఊడితే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది, దాన్ని దిష్టి ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఇంకో మాట గట్టిగానే చెబుతాను: దిష్టి తీసిన గుమ్మడికాయను నడిరోడ్డు మీద పగలగొట్టి వదిలేయవద్దు. ఆ గుజ్జు మీద ద్విచక్ర వాహనం జారితే మన ఇంటి దిష్టి ఇంకొకరి కాలో చేయో విరిచినట్టే. పెరట్లో పగలగొట్టి ముక్కలు ఎత్తి ఎరువు గుంటలో వేయండి.

అద్దె ఇంట్లో, హాస్టల్లో, ఎత్తయిన అపార్టుమెంట్లో కాయ కట్టడం కుదరనప్పుడు నీలి కన్ను అనువైనది. కుళ్ళదు, చీమలు పట్టవు, బరువు లేదు. కానీ బజారులో దొరికే వాటిలో చాలావరకు ప్లాస్టిక్, రెజిన్ అచ్చులు. నిజమైన గాజుపూస చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది, వలయాలు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. ఇవ్వాలనుకుంటే గాజుదే ఇవ్వండి. పగలని వస్తువుకు ఆ నమ్మకంలో చోటే లేదు. టర్కీ సంప్రదాయంలో పగలడమే కదా దాని పని.

నీలి కన్నుతో పాటు ఐదు వేళ్ళ అరచేయి గుర్తు కూడా ఇప్పుడు మన నగల దుకాణాల్లో కనిపిస్తోంది. మొరాకో, ట్యునీషియా ప్రాంతాల్లో దాన్ని ఖమ్సా అంటారు. అరబ్బీలో ఐదు అని అర్థం. ముస్లింలు ఫాతిమా చేయి అంటారు, యూదులు మిరియమ్ చేయి అంటారు. ఒకే గుర్తును రెండు మతాలవారూ తమదిగా గుండెలకు హత్తుకోవడం నాకు చాలా నచ్చే విషయం. రెండు మతాల మధ్య పెళ్ళి జరిగిన ఇంటికి కానుక వెతుకుతుంటే ఇంతకన్నా మంచిది నాకు తట్టదు.

ఇక కలిమిని పిలిచేవి. ఇక్కడ మన దుకాణాల్లో చాలా గందరగోళం ఉంది కాబట్టి కొన్ని విషయాలు సరిచేయాలి. ఫెంగ్‌షుయ్ వస్తువుల అరల్లో చేయి ఊపే బంగారు పిల్లిని చైనాదని అమ్ముతారు. అది జపాన్ పిల్లి, పేరు మనెకి నెకో. టోక్యోలోని గోతోకుజీ గుడిలో ఇలాంటి తెల్ల పిల్లి బొమ్మలు వందల కొద్దీ వరుసలు కట్టి ఉంటాయి. వాన రోజున ఒక ప్రభువును చేయి ఊపి గుడిలోకి పిలిచి పిడుగు నుంచి కాపాడిన పిల్లి కథ అక్కడ చెబుతారు. అమెరికావాళ్ళకు ఆ పిల్లి వీడ్కోలు చెబుతున్నట్టు కనిపిస్తుందట. మనకు ఆ ఇబ్బంది లేదు. అరచేయి కిందికి తిప్పి వేళ్ళు ఊపి "ఇలా రా" అని పిలవడం మన అలవాటు కూడా. కుడి చేయి ఎత్తితే డబ్బును, ఎడమ చేయి ఎత్తితే మనుషులను పిలుస్తుందని నమ్మకం. దుకాణం తెరిచే వారికి ఎడమ చేతి పిల్లిని ఇవ్వండి. మనుషులు వస్తే డబ్బు వస్తుంది.

నవ్వే బుద్ధుడు గౌతమ బుద్ధుడు కాడు. పదో శతాబ్దపు చైనా భిక్షువు బుదాయ్. అదృష్ట వెదురు వెదురు కాదు, మధ్య ఆఫ్రికాకు చెందిన డ్రసీనా జాతి మొక్క. నీళ్ళ గాజు గ్లాసులో చక్కగా పెరుగుతుంది, బల్ల మీద పచ్చగా ఉంటుంది. అయితే ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే అందనివ్వకండి, ఆ ఆకులు తింటే వాటికి జబ్బు చేస్తుంది. గుర్రపు నాడా విషయంలో దేశానికొక పద్ధతి. ఇంగ్లండు, ఐర్లండు, అమెరికాల్లో కొనలు పైకి ఉండేలా కొడతారు, అదృష్టం ఒలికిపోకూడదని. ఐరోపాలో చాలాచోట్ల కొనలు కిందికే ఉంచుతారు, ఇంట్లోకి వచ్చేవారి మీద అది కురవాలని. రెండింటిలో ఏది తప్పని ఎవరూ తేల్చలేరు. మన దగ్గర నల్ల గుర్రం నాడా అని ఎక్కువ ధర చెప్పేవారు ఉంటారు. అరిగిపోయిన నాడాను చూసి గుర్రం రంగు చెప్పగలవారు ఎవరూ లేరు కాబట్టి ఆ మాటకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నాలుగాకుల క్లోవర్ ఐర్లండు వారి ఇష్టం. మామూలుగా మూడు ఆకులు ఉండే మొక్కలో వేలల్లో ఒక్క కాడకు నాలుగు ఆకులు వస్తాయి. గడ్డిలో మోకాళ్ళ మీద వెతికి దొరకబుచ్చుకోవడంలోనే దాని విలువంతా ఉంది. గాజు బిళ్ళలో పెట్టి అమ్మేవి కొనడం వల్ల ఆ వెతుకులాట పోతుంది. పైగా మన మడుల్లో, చెరువు గట్లలో నీటి ఫెర్న్ జాతి మొక్క ఒకటి పెరుగుతుంది, దాని ప్రతి కాడకూ నాలుగు ఆకులే. దాన్ని ఎండబెట్టి బిళ్ళలో పెట్టినా కొనేవారు గుర్తుపట్టలేరు.

పిలిచే రకం వస్తువులు చూడ్డానికి బాగుంటాయి, ఇంటికి కళ తెస్తాయి. కానుకగా ఇవ్వడానికి మంచివే. కానీ కష్టకాలంలో మనిషికి ఆసరా కావడానికి వాటి దగ్గర ఏమీ లేదని నా అనుభవం. అవి మనల్ని ఏమీ అడగవు.

అడిగేవి వేరే ఉన్నాయి. మా తమ్ముడు పంపిన దారుమా అలాంటిది. ఎర్రటి కాగితపు గుజ్జు బొమ్మ, చేతులు కాళ్ళు లేవు, అడుగున బరువు. పడేస్తే తానే లేచి కూర్చుంటుంది. రెండు కళ్ళూ ఖాళీగా తెల్లగా ఉంటాయి. ఒక పని అనుకుని, సాధిస్తానని మనసులో మాట ఇచ్చుకుని, మొదటి కన్ను మనమే నల్ల సిరాతో దిద్దాలి. పని పూర్తయిన రోజున రెండో కన్ను దిద్దాలి. అప్పటిదాకా ఆ ఒంటి కన్ను బొమ్మ రోజూ మన వైపే చూస్తూ ఉంటుంది. ఏడాది చివర దాన్ని గుడికి తిరిగి ఇస్తే అక్కడ మంత్రాల మధ్య దహనం చేస్తారు. గున్మా రాష్ట్రంలోని తకాసాకి పట్టణం వీటికి పేరుపొందింది. 1780ల కరువు తర్వాత అక్కడి దారుమాజీ గుడి పూజారి రైతులకు బతుకుతెరువుగా ఈ బొమ్మల తయారీ నేర్పాడని చెబుతారు.

ఈ బొమ్మ ఎవరిదో తెలిస్తే మనకు ఇంకా దగ్గరవుతుంది. దారుమా అంటే బోధిధర్ముడు. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్ళి ధ్యాన మార్గాన్ని బోధించిన భిక్షువని సంప్రదాయం చెబుతుంది. గోడ వైపు తిరిగి తొమ్మిదేళ్ళు కదలకుండా కూర్చుంటే కాళ్ళూ చేతులూ రాలిపోయాయని జపాన్ కథ. మన వైపు నుంచి వెళ్ళిన మనిషి చైనా, జపాన్‌లు తిరిగి ఎర్రటి బొమ్మగా మా చెల్లెలి భోజనాల బల్ల మీదికి వచ్చాడనుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

జపాన్‌లోనే ఒమమోరి అని ఇంకొక రక్ష ఉంది. జరీ నేత సంచిలో, వేలెడంత, లోపల కాగితం మీదో చెక్క మీదో రాసిన ప్రార్థన. మన రక్షరేకుకు పిన్నికొడుకు లాంటిది. దాన్ని విప్పి చూడకూడదు. చదువుకు ఒకటి, సుఖప్రసవానికి ఒకటి, ప్రయాణాలకు ఒకటి, పెళ్ళి సంబంధానికి ఒకటి. ఇలా పనిని బట్టి వేరువేరుగా ఉంటాయి. ధర సాధారణంగా 500 నుంచి 1,000 యెన్‌ల లోపే. చదువుకు కావాలంటే తెన్మాంగూ గుళ్ళకు వెళతారు. తొమ్మిదో శతాబ్దపు పండితుడు సుగవర నో మిచిజానేను అక్కడ విద్యా దైవంగా కొలుస్తారు. ఈ రక్షకు గడువు ఏడాది. తర్వాత అదే గుడికి తెచ్చి అప్పగించి, కావాలంటే కొత్తది తీసుకోవాలి. గడువు ఉండడం వల్ల మనిషి ఏడాదికొకసారి ఆగి, "ఏమి కోరాను, ఎంతవరకు వచ్చాను" అని లెక్క చూసుకుంటాడు. రక్షవస్తువుల్లో నేను మొదట వెతికేది ఈ గడువునే.

అలాంటివి మనకు లేవా అంటే, ఎందుకు లేవు! నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం సమయంలో జరిగే రొట్టెల పండుగ చూడండి. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అని పిలుస్తూ ఇచ్చిపుచ్చుకుంటారు. కోరిక ఉన్నవారు రొట్టె అందుకుని తింటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి అదే పేరు రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. హిందువులూ ముస్లింలూ ఒకే నీళ్ళలో నిలబడతారు. నాకు తెలిసిన రక్షలన్నిటిలో ఇదే గొప్పది. చేతిలో మిగిలే వస్తువంటూ ఉండదు, రొట్టె కడుపులోకి పోతుంది, బాకీ మాత్రం మిగులుతుంది. ఆ బాకీ తీర్చడానికి మళ్ళీ ఆ నీళ్ళలోకి వెళ్ళాలి, ఈసారి ఇచ్చేవారిగా. హైదరాబాద్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోరుకునేవారు 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక 108 చేయడం కూడా ఇదే కోవలోనిది. ఆ గుడిలో హుండీ లేదు. కాళ్ళతోనే బాకీ తీర్చాలి. విదేశం వెళ్ళే పిల్లలకు నేను ముందు చెప్పేది ఈ చివరి మాటే: వీసా వచ్చాక ఆ 108 పూర్తి చేసి విమానం ఎక్కండి.

ఒంటి మీద ధరించేవాటి దగ్గరికి వద్దాం. ఇది చాలా పాత అలవాటు. 1925లో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ మమ్మీ కట్లు విప్పినప్పుడు మడతల మధ్య నూటికి పైగా నగలు, రక్షలు బయటపడ్డాయి. రోమన్ పిల్లలు మెడలో బుల్లా అనే రక్షబిళ్ళ వేసుకుని పెరిగేవారు. మనం చిన్నప్పుడు చెప్పుకున్న చిన్నికృష్ణుడి పద్యంలో మొలతాడు, మువ్వల గజ్జెల పక్కనే సందె తాయతులు కూడా ఉన్నాయి. రక్ష లేకుండా పసివాడి అలంకారమే పూర్తికాదని ఆ కాలపు అమ్మలకు తెలుసు.

రక్షరేకుకు, తాయెత్తుకు నేను చూసేది ఒక్కటే: ఎవరు కట్టించారు? ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకున్న తాయెత్తులో నాకు ఏ బలమూ కనిపించదు. మా అమ్మ మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి గుళ్ళో కూర్చుని మనవరాలి పేరు చెప్పి కట్టించిన దానిలో ఉంది. ఇటలీలో నేపుల్స్‌వాళ్ళకూ ఇదే పట్టింపు. వాళ్ళు మిరపకాయలా వంపు తిరిగిన ఎర్రటి కొమ్మును మెడలో వేసుకుంటారు. దాన్ని తనకు తానే కొనుక్కుంటే పనిచేయదు, ఇంకొకరు ప్రేమతో ఇవ్వాలి అంటారు. ఆ కొమ్ముకు మేలైన పదార్థం పగడం. నేపుల్స్ పక్కనే ఉన్న తొర్రె దెల్ గ్రేకో ఊరు తరతరాలుగా పగడం చెక్కడానికి ప్రసిద్ధి. అక్కడి మధ్యధరా సముద్రపు పగడం మన దేశానికి రోమన్ల కాలం నుంచే వస్తోంది. రోమన్లు ముత్యాలకు ఇచ్చే విలువ భారతీయులు పగడానికి ఇస్తారని రోమన్ రచయిత ప్లీనీ మొదటి శతాబ్దంలోనే రాశాడు. మన ఆడవాళ్ళు నల్లపూసల మధ్య గుచ్చుకునే పగడానికీ నేపుల్స్ కొమ్ముకూ పుట్టిల్లు ఒకే సముద్రం కావచ్చన్నమాట.

రుద్రాక్ష ఎంచుకునేవారు పంచముఖితో తృప్తిపడండి. అదే ఎక్కువగా కాస్తుంది, అందరికీ అందుబాటులో ఉంటుంది, అసలుది దొరికే అవకాశం ఎక్కువ. ఏకముఖి అని వేలు, లక్షలు చెప్పే చోట చెక్కిన గీతలు, అతికించిన ముక్కలు ఉంటాయి. నీళ్ళలో మునిగితే అసలుదన్న పరీక్షను నమ్మకండి. గింజ ఎంత ఎండిందన్న దాన్ని బట్టి అసలుదీ తేలవచ్చు, నకిలీదీ మునగవచ్చు. ఎక్స్‌రే తీస్తే లోపలి గింజ అరలు కనిపిస్తాయి, అవి పైన ఉన్న ముఖాల లెక్కతో సరిపోవాలి. ఖరీదైనది కొనేవారు ఆ పరీక్ష చేయించనిదే డబ్బు ఇవ్వకూడదు.

పసిపిల్లల విషయంలో మాత్రం నమ్మకం కన్నా జాగ్రత్త ముందు. పాపాయి మెడలో ఏ దారమూ, గొలుసూ ఉంచి నిద్రపుచ్చవద్దు. పళ్ళు వచ్చేటప్పుడు నొప్పి తగ్గుతుందని మెడలో వేసే అంబర్ పూసల దండ బిగుసుకుని అమెరికాలో ఒక పసిబిడ్డ నిద్రలోనే చనిపోయింది. అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2018లో అలాంటివి వాడవద్దని హెచ్చరించింది. నోట్లో పెట్టుకునే వయసులో లోహపు పూసలూ ప్రమాదమే. 2009లో న్యూయార్క్‌లో ఏడాది వయసు బాబు రక్తంలో సీసం కనిపించి ఆరా తీస్తే, కంబోడియా నుంచి వచ్చిన తాయెత్తు దారాన్ని వాడు చప్పరిస్తున్నాడని తేలింది. ఆ పూసల్లో సగానికి దగ్గరగా సీసమే. కాబట్టి పాపాయికి రక్షరేకు కట్టించాలనుకుంటే కట్టించి ఉయ్యాల పైన, పాప చేతికి అందనంత ఎత్తులో కట్టండి. మొలతాడు బిడ్డ పెరిగేకొద్దీ బిగుతు చూసి మార్చండి. దిష్టి చుక్క అరికాలిలో పెట్టండి, కంటికి కాటుక వద్దు. బయట దొరికే కాటుక, సుర్మాల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. అమ్మమ్మలకు ఇది చెప్పడం కష్టం, నాకు తెలుసు. అయినా చెప్పాలి.

ఎన్నడూ ఇంటికి తెచ్చుకోకూడనివి కూడా ఉన్నాయి. పులిగోరు, ఏనుగు వెంట్రుక ఉంగరం, నక్క కొమ్ము, హత్తా జోడీ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవన్నీ నేరం. తాతల నాటిదే కదా అని పులిగోరు వేసుకున్నా, సరైన ధ్రువపత్రం లేకపోతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు. 2023 అక్టోబరులో కర్ణాటకలో టీవీ పోటీ కార్యక్రమంలో ఉన్న ఒక వ్యక్తి మెడలో పులిగోరు కనిపించి అటవీ అధికారులు అతన్ని అక్కడి నుంచే అరెస్టు చేశారు. అదృష్టం కలిసొస్తే నక్క తోక తొక్కాడని అంటాం. ఆ మాటను నమ్మి తోకతో ఆగక కొమ్ము దాకా వెళ్ళినవారు ఉన్నారు. నక్కకు కొమ్ము ఉండదు. తల ఎముక ముక్కకు వెంట్రుకలు అతికించి అమ్ముతారు, అందుకోసం నక్కలను చంపుతారు. హత్తా జోడీని అరుదైన మొక్క వేరు అంటారు. నిజానికి అది మగ ఉడుము శరీరం నుంచి కోసి ఎండబెట్టిన అవయవం. ప్రాణి ప్రాణం తీసి తెచ్చిన వస్తువు మన పిల్లలకు ఎలా మేలు చేస్తుంది?

భయపెట్టి అమ్మేవారినీ ఇదే లెక్కలో చేర్చండి. మా దగ్గరి బంధువు ఒకరు భార్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, "ఈ యంత్రం ఇంట్లో పెట్టకపోతే గండం తప్పదు" అన్న మాటకు హడలిపోయి రెండు నెలల జీతం పోసి ఒక రేకు కొన్నారు. ఆ డబ్బు మందులకు కావాల్సింది. తాయెత్తు, మంత్రం, కవచం లాంటివి జబ్బు నయం చేస్తాయని ప్రకటించడం 1954 చట్టం ప్రకారం నేరం. దేవుడి పేరుతో యంత్రాలను టీవీలో ప్రచారం చేయడం చట్టవిరుద్ధమని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2021 జనవరిలో తీర్పు ఇచ్చింది. కొనకపోతే కీడు జరుగుతుందని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ప్రేమతో రక్ష కట్టేవారు ఎవరూ అలా మాట్లాడరు.

ఇవి నిజంగా పనిచేస్తాయా అని పిల్లలు అడుగుతారు. దాచకుండా చెప్పాలి. 2010లో జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరికి గోల్ఫ్ బంతి ఇస్తూ "ఇది అదృష్టం తెచ్చిన బంతి" అని చెప్పి ఆడించారు. వాళ్ళు మిగతావారికన్నా బాగా ఆడారని ప్రకటించారు. 2014లో అమెరికాలో ఎక్కువమందితో అదే ప్రయోగం మళ్ళీ చేస్తే తేడా ఏమీ కనిపించలేదు. అందుకని మార్కుల కోసమో ర్యాంకు కోసమో తాయెత్తు మీద ఆధారపడమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను. పరీక్ష రాసే పిల్లవాడికి ఇవ్వాలంటే లోహం లేనిది, జేబులోనో సంచిలోనో ఉండేది ఇవ్వండి. నీట్ వంటి పరీక్షల్లో గేటు దగ్గర ఆభరణాలు, లోహపు వస్తువులు తీయిస్తారు. మొలకో మెడకో కట్టినది ఆ క్షణాన తెంపాల్సి వస్తే పిల్లవాడి గుండె జారిపోతుంది, అది పరీక్ష మీద పడుతుంది. ఇంటి దగ్గరే దేవుడి గూటిలో దారుమానో వినాయకుడినో ఉంచి వెళ్ళడం అలవాటు చేస్తే ఆ గండమే లేదు.

కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించండి, సంప్రదాయం తీరుతుంది. అద్దానికి మాత్రం ఏదీ వేలాడదీయకండి, ఊగే వస్తువు దారిని కమ్ముతుంది. లోపలి అరలో పెట్టిన చిన్న రక్ష చాలు. కొత్త ఇంటికి గుమ్మడికాయ చెప్పాను. కొత్త దుకాణానికి పిల్లి. ఆసుపత్రిలో ఉన్నవారికి మెత్తటి దారం తప్ప లోహం కట్టకండి, స్కానింగుకు ముందు తీయాల్సి వస్తుంది.

మా మేనకోడలి బల్ల దగ్గరికి వస్తే, నెమలి ఈకను నేనే ముందు పక్కన పెట్టాను. మన దేశం నుంచి నెమలి ఈకలు బయటికి పంపడం నిషేధం, ఆస్ట్రేలియాలోనూ ఈకలు, విత్తనాలు, కలప, మొక్కల భాగాలు ఏవి ఉన్నా దిగేటప్పుడు కార్డులో రాసి చూపించాలి. రుద్రాక్ష కూడా విత్తనమే. దాచి తీసుకెళ్ళి జరిమానా కట్టడం కన్నా ఇంట్లో ఉంచడం మేలని బావగారికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి ఆ రుద్రాక్షను తన మెడలోనే వేసుకున్నారు, "పిల్ల తిరిగి వచ్చేదాకా నేను మోస్తాను" అన్నారు. నీలి కన్ను గొలుసును మేనకోడలు తన సంచి జిప్పుకు తగిలించింది. నల్లదారాన్ని పక్కింటి పిన్నిగారే కుడిచేతికి కట్టారు. దారం తెగినప్పుడు కొత్తది అడగకుండా ఫోను చేయమన్నారు. రక్షరేకును అమ్మ చేతి రుమాలులో చుట్టి పాస్‌పోర్టు సంచిలో పెట్టింది.

దారుమా సూట్‌కేసులో బట్టల నడుమ వెళ్ళింది. మొదటి కన్ను బయల్దేరే రోజు ఉదయం అందరి ముందూ దిద్దింది. ఏమి కోరుకున్నదీ చెప్పలేదు, మేమూ అడగలేదు. చదువు పూర్తయి వచ్చేటప్పుడు రెండు కళ్ళతో తెస్తే తకాసాకి గుడికి చేర్చే బాధ్యత తనదని మా తమ్ముడు టోక్యో నుంచి మాట ఇచ్చాడు. నెమలి ఈక మళ్ళీ పాత పుస్తకంలోకి వెళ్ళింది.